ఉప్పు చూడటం తినడం కాదట

నేను ఒక గొట్టాన్ని. బారెడు పొడవు, చిటికెనవేలంత లావు, నల్లటి ఒళ్ళు, కొసన ఒక కన్ను, కన్ను పక్కనే దీపాలు. ఆసుపత్రి వాళ్ళు నన్ను ఎండోస్కోపు అంటారు. రాజమండ్రి జనానికి అంత ఓపిక లేదు, కెమెరా గొట్టం అనేశారు. నోట్లోంచి పొట్టలోకి దిగి, అక్కడున్నది ఉన్నట్టుగా బయట టీవీలో చూపించడం నా ఉద్యోగం. చూడటంతో సరిపెట్టుకునే రకాన్ని కూడా కాదు. నా ఒంట్లోంచి సన్నటి దారి ఒకటుంది. అందులోంచి కత్తిని పంపితే లోపలే కోసి లోపలే బాగుచేసి వస్తాను, బయటి చర్మం మీద గీత కూడా పడదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. చేసిన పని చెప్పుకోవడం గొప్ప కాదు.

ముఖం చూసి మనిషిని అంచనా వేసేస్తామనేవాళ్ళు చాలామంది ఉంటారు. నాకు ముఖాలతో పనిలేదు. పళ్ళు దాటాకే నా చూపు మొదలవుతుంది, అక్కడ ఎవరి నటనా సాగదు. పరగడుపున రమ్మంటే ఒట్టు వేసి మరీ వచ్చినవాళ్ళ పొట్టల్లో ఇడ్లీ ముక్కలు చూశాను. గుక్కెడు కాఫీ లెక్కలోకి రాదనుకున్నవాళ్ళని చూశాను. గుడికి వెళ్ళి పులిహోర తిని, ప్రసాదం తిండి కిందికి ఎలా వస్తుందని డాక్టరునే నిలదీసిన పెద్దమనిషిని చూశాను. వీళ్ళెవరూ అబద్ధాలకోరులు కారు. ఏది తిండో ఏది కాదో ఎవరి లెక్క వాళ్ళకుంది, అంతే. ఆ లెక్కల్లో ఒకటి ఒక ప్రాణం మీదికి తెచ్చింది. అది చెప్పడానికే ఈ కథ మొదలుపెట్టాను.

పుట్టింది జపానులో, మంచు కురిసే ఒక ఊళ్ళో. నా కంటిని కూర్చిన ఆవిడ భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి పనిచేసేది. దీపం వెలగగానే తన వేలికొస నా ముందు పెట్టి చూసుకుంది. నేను చూసిన మొదటి దృశ్యం ఆ వేలి గీతలే. ఆ దేశంలో జనం ఏ నొప్పీ లేకుండానే, వయసు వచ్చింది కదా అని వరసలో నిలబడి పొట్ట చూపించుకుంటారట. అందుకే అక్కడ పొట్టలో క్యాన్సరు తరచూ మొలకగా ఉన్నప్పుడే దొరికిపోతుంది. నా జాతి అంతా ఆ మొలకల్ని పట్టడానికే పుట్టింది.

తీరా ఉద్యోగం హైదరాబాదులో వచ్చింది. పెద్ద ఆసుపత్రి, మెత్తటి సోఫాలు, వాటి మీద ఫోన్లు చూసుకునే పెద్దమనుషులు. తెలుగువాళ్ళ రోగం ఏమిటో మొదటి వారంలోనే తెలిసిపోయింది: గ్యాసు. కడుపునొప్పి గ్యాసు, నడుంనొప్పి గ్యాసు, అల్లుడితో మాటపట్టింపు వచ్చి నిద్రపట్టకపోయినా గ్యాసే. ఏళ్ళ తరబడి మందుల షాపువాడిచ్చిన మాత్రలు మింగి, మింగి, ఇక మింగుడు పడనప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. అప్పటికి మొలక మానై ఉండేది. పోనీ తొందరగా వచ్చినవాళ్ళనైనా నింపాదిగా చూడనిచ్చేవారా అంటే, అదీ లేదు. ఇలా దింపి అలా లాగేసేవారు, బయట వరస పెరిగిపోతోందని. కొన్నాళ్ళకి నాకంటే సన్నటిది, తెలివైనది ఇంకొకటి వచ్చింది. నన్ను పాత చింతకాయ పచ్చడి కింద జమకట్టి రాజమండ్రికి అమ్మేశారు.

చులకన చేసి పంపినా నాకు మంచే జరిగింది. రాజమండ్రిలో నన్ను అందుకున్నది డాక్టరు హైమవతి. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, తొందర అసలే లేదు. ఒక్క పొట్టని అంతసేపు చూసే డాక్టరుని నేను అంతకుముందు ఎరగను. జపాను వెళ్ళి, పొట్ట గోడలో పైపొర వరకే పుట్టిన క్యాన్సరుని నాలాంటి గొట్టంతోనే చెక్కి తీసే విద్య నేర్చుకొచ్చింది. వచ్చాక చేతి పట్టు తప్పకుండా ఆదివారాలు పందిపొట్టల మీద సాధన చేసేది. ఆ పనికి వేరే ముసలి గొట్టం ఉండేది. పందిపొట్టలోకి వెళ్ళిన గొట్టం మళ్ళీ మనిషి నోటి దగ్గరికి రాకూడదు, అది మా కట్టుబాటు. సంచీలో పందిపొట్టలు పట్టుకుని వచ్చే నర్సు రూతమ్మని చూసి ఆసుపత్రి మేనేజరు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునేవాడు.

నా ఆలనాపాలనా రూతమ్మదే. ప్రతి పొట్ట తర్వాతా నా లోపలి దారుల్లో బ్రష్షు తిప్పి, మందునీళ్ళలో నానబెట్టి, తుడిచి, గాజు తలుపుల బీరువాలో నిలువుగా వేలాడదీసేది. కడిగే ముందు ఒక పరీక్ష ఉంటుంది. నా ఒంట్లోకి గాలి ఎక్కించి నీళ్ళలో ముంచుతారు. ఎక్కడైనా బుడగ లేచిందంటే నా చర్మానికి చిల్లు పడిందన్నమాట, మనిషి నోటితో నా రుణం తీరిందన్నమాట. బుడగ రానప్పుడల్లా రూతమ్మ "స్తోత్రం" అనేది.

సత్యవేణి వచ్చింది మామిడికాయల రోజుల్లో. అరవై దగ్గర పడిన మనిషి, బొట్టు లేని వెడల్పాటి నుదురు, దబాయించి మాట్లాడే గొంతు. భర్త పోయాక ఊరగాయల వ్యాపారం పెట్టి ఇల్లు నిలబెట్టింది. ఆవిడ ఆవకాయ రాజమండ్రిలో ఎంత పేరు మోసిందంటే, ఆవిడ పేరు చెప్పగానే రూతమ్మ నోట్లో నీళ్ళూరడం నేను చూశాను. వెంట కోడలు భవాని. కొన్నాళ్ళుగా అత్తగారికి పుల్లటి త్రేన్పులు వస్తున్నాయని, అన్నం సగంలో వదిలేస్తోందని కోడలే పట్టుబట్టి తీసుకొచ్చింది.

"పొద్దుట్నించి ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగింది హైమవతి.

"పచ్చి మంచినీళ్ళు ముట్టలేదండి, గోదారి తల్లి సాక్షి" అంది సత్యవేణి.

గొంతు మొద్దుబారే మందు కొట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి నన్ను లోపలికి పంపారు. గొంతు దాటాను, గొట్టంలాంటి అన్నవాహిక దాటాను. పొట్టలోకి కన్ను పెట్టేసరికి ఎదురుగా ఎర్రటి నూనె, అందులో తేలుతున్న పచ్చటి పొడి.

"రూతమ్మా, రక్తమా ఇది?" హైమవతి గొంతు మారింది.

రూతమ్మ టీవీలోకి ఒక్క క్షణం చూసి, "ఆవకాయండి" అంది.

పడుకున్న సత్యవేణి రింగు సందులోంచి "ఊఁ ఊఁ" అంటూ చెయ్యి అడ్డంగా ఊపింది. హైమవతి నన్ను లాగేయబోయి, ఏమనుకుందో, నా దారిలోంచి నీళ్ళు చిమ్మి ఒక పక్క గోడ కడిగింది. నూనె జారిపోయింది. పొట్ట కిందివైపు, పేగులోకి దారి తీసే చోటుకి కొంచెం ఇవతల, ఒక ఎర్రటి మచ్చ మాత్రం జారలేదు. మళ్ళీ కడిగింది. అది అక్కడే ఉంది. ఇంకోసారి కడిగేలోపు సత్యవేణికి వాంతి ముంచుకొచ్చింది. పొట్టలో తిండి ఉన్నప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నన్ను బయటికి తీసేశారు.

సత్యవేణి లేచి కూర్చుని కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏం తిన్నారమ్మా?"

"ఏం తిన్లేదండి."

"నేను చూశాను కదమ్మా, పొట్ట నిండా నూనె."

"అదాండి! ఇయ్యాల మూడోరోజు కదండి, తిరగలిపి ఉప్పు చూసేను."

"అంటే తిన్నారు."

"తిన్లేదంటంటే వినరేంటండి! ఉప్పు చూడ్డం తినడం ఎలా అవుద్దండి?"

రూతమ్మ మూతి బిగబట్టి గోడ వైపు తిరిగింది. ఊరగాయ పెట్టే ఇళ్ళలో ఈ మాట అందరికీ అర్థమయ్యేదే. ఆవకాయ కలిపి జాడీకెత్తాక మూడోరోజు తిరగకలుపుతారు. అప్పుడు చిటికెడు నాలిక మీద వేసుకుని ఉప్పు సరిపోయిందో లేదో చూస్తారు. చాలకపోతే ఆ రోజే వెయ్యాలి, లేకపోతే ఆ జాడీ ఏడాది నిలవదు. పెద్ద పెద్ద జాడీలు వరసగా ఉన్న ఇంట్లో చిటికెడూ చిటికెడూ కలిపి ఎంతవుతుందో సత్యవేణి ఎప్పుడూ ఆలోచించలేదు. మామిడికాయలు కొట్టడం, ఆవపిండి, నూనె, సీసాలకెత్తడం, ఊళ్ళకి పంపడం, అన్నీ భవాని చేతుల మీదే నడిచేవి. ఉప్పు మాత్రం ఆ ఇంట్లో సత్యవేణి తప్ప ఇంకెవరూ చూడటానికి వీల్లేదు.

"ఒకచోట ఎరుపు కడిగినా పోలేదమ్మా. ఖాళీ కడుపుతో మళ్ళీ చూడాలి" అంది హైమవతి.

"అది కారమండి. నా కారం కడుక్కుంటే చేతికే పోదు, పొట్టకెలా పోద్దండి? సీజనైపోయాకా వత్తాను లెండి."

ఆవిడ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆ రోజు జారిపోయేది. ఆ మచ్చ నేను చూశాను. అది కారం కాదు. సీజను అయ్యాక వానల సాకు, ఆ తర్వాత ఉసిరికాయ పచ్చడి, ఆ తర్వాత పండగలు. మొలక ఇలాగే మానవుతుందని హైదరాబాదులో ఎన్నోసార్లు చూసిన దాన్ని. గుమ్మం దగ్గర నిలబడ్డ భవాని మాత్రం కదల్లేదు. "కడిగినా పోలేదాండి?" అని డాక్టరుని ఇంకోసారి అడిగి, అప్పుడు వెళ్ళింది.

వారం తిరక్కుండా అత్తాకోడళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. ఎలా ఒప్పించావమ్మా అని రూతమ్మ గుసగుసగా అడిగితే భవాని చెప్పింది.

"మీరు పొట్ట చూపించుకునే దాకా ఒక్క జాడీకి వాసెన కట్టనన్నానండి. రెండ్రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. జాడీలన్నీ అలా నోళ్ళు తెరుచుకునున్నాయి. పొద్దున్నే ఆవిడే చీర మార్చుకుని, 'పదవే, నీ మూతి చూళ్ళేకపోతన్నాను' అన్నారండి."

ఈసారి పొట్ట నిజంగానే ఖాళీ. హైమవతి గోడంతా కడిగి నా దారిలోంచి నీలిరంగు నీళ్ళు చిమ్మింది. మంచి గోడ మీద ఆ రంగు సన్నటి గీతల్లోకి పద్ధతిగా పాకుతుంది. ఆ మచ్చ దగ్గర గీతలన్నీ తెగిపోయాయి. పావలా బిళ్ళంత చోటు, కాస్త గుంటపడి, అంచులు వంకరగా. నొప్పి లేదు, పుండు లేదు, దాని గురించి ఆ పొట్టకే తెలియదు. హైమవతి చాలాసేపు కదలకుండా చూసి చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపింది.

ఫలితం వచ్చిన రోజు అత్తాకోడళ్ళు మా గదిలోనే, డాక్టరు బల్లకి ఎదురుగా కూర్చున్నారు. బీరువాలో వేలాడుతూ నేను విన్నాను. క్యాన్సరు అనే మాట వినగానే భవాని అత్తగారి చెయ్యి పట్టుకుంది. సత్యవేణి విడిపించుకుంది.

"నా ఆవకాయ వల్లేనా డాట్రుగారూ?"

మనుషులు ఆ మాట విన్నాక అడిగే మొదటి ప్రశ్నలు నాకు తెలుసు. ఎన్నాళ్ళు బతుకుతాను అంటారు, నాకే ఎందుకొచ్చింది అంటారు. ఈవిడ తన జాడీ మీద నింద పడిందేమో అని అడిగింది.

"దేనివల్లో ఒక్క మాటలో చెప్పలేమమ్మా. ఎక్కువ ఉప్పు పొట్ట గోడకి మంచిది కాదు, అది నిజం. మీ పొట్టలో ఒక సూక్ష్మజీవి కూడా ఏళ్ళుగా కాపురం ఉంది. దానికి మందులిస్తాను. ముందు ఈ మచ్చ సంగతి చూడాలి."

"మా ఆయన హైదరాబాదు తీసుకెళ్ళి పొట్ట తీయించేద్దామంటన్నారండి, పీడ వదిలిపోద్దని" అంది భవాని నేల చూస్తూ.

"పొట్ట తీసేత్తే తినేదెలాగండి?" అంది సత్యవేణి.

"కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినాలి. చాలామంది అలా ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. కొందరికి అదే మంచి దారి. మీకు అంత అక్కర్లేదేమోనని నా ఉద్దేశం."

సత్యవేణి ముందుకి వంగింది. "బూజు పైపైనేనాండి, కిందికి దిగిందా? పైపైనుంటే చుట్టూ కాస్త ఎడంగా, పొడి గరిటితో ఆ పొర తీసి పారేత్తాం. జాడీకేం కాదు. కిందికి దిగితే మాత్రం జాడీ అంతా పారబొయ్యాల్సిందే."

హైమవతి నవ్వింది. చెప్పాల్సింది సగం తగ్గినట్టు కనిపించింది. "పైపైనే అనిపిస్తోందమ్మా. గొట్టంతోనే ఆ పొర చెక్కి తీసి, ఆ ముక్కని పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేను. కిందికి దిగిందని తేలితే అప్పుడు పెద్ద ఆపరేషను తప్పదు. దిగలేదంటే మీ పొట్ట మీదే."

"ఎన్ని చేసేరండి ఇట్టాంటియ్యి?"

హైమవతి కలం కింద పెట్టింది.

"జపానులో మా గురువుగారు పక్కన నిలబడి ఉండగా చేశాను. ఇక్కడ పందిపొట్టల మీద లెక్కలేనన్ని చేశాను. నేనొక్కదాన్నే మనిషికి చెయ్యడం మీతోనే మొదలవుతుంది. మీకు జంకుగా ఉంటే పెద్ద ఆసుపత్రికి చీటీ రాసిస్తాను, తప్పేం లేదు."

సత్యవేణి ఆమెని ఎగాదిగా చూసి, "చెయ్యిటివ్వండి" అంది.

హైమవతి అర్థంకాక చెయ్యి చాపింది. సత్యవేణి ఆ అరచేతిని తిప్పి, తన బొటనవేలితో నొక్కి, రుద్ది చూసింది. ఊరగాయలు పెట్టేవాళ్ళకి ఒక నమ్మకం ఉంది. కొందరి చెయ్యి మంచిది, వాళ్ళు కలిపిన జాడీ ఏళ్ళు గడిచినా చెడదు. అరచేతిలో చెమట ఊరేవాళ్ళని మాత్రం జాడీ దరిదాపులకి రానివ్వరు.

"తడి లేదు. మీరే చెయ్యండి" అంది సత్యవేణి.

పెద్ద చదువులు చదివిన డాక్టరుకి జపాను ఇచ్చిన కాగితం కంటే ఆ మాట ఎక్కువ బలమిచ్చిందని నాకు తెలుసు. ఆ సాయంత్రం తన అరచేతిని తనే రెండుసార్లు చూసుకుంది.

ఆ రోజు వచ్చింది. సత్యవేణికి మత్తిచ్చారు. నేను దిగాను. నన్ను తిప్పే పిడి హైమవతి ఎడమచేతిలో ఉంది, కాబట్టి ఎవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలిసింది. గ్లౌజు లోపల ఆమె అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి.

ముందు మచ్చ చుట్టూ కాస్త ఎడంగా కత్తికొసతో చుక్కలు పెట్టింది, ముగ్గుకి ముందు పెట్టినట్టు. తర్వాత పొర కిందికి సూదితో నీలం కలిపిన మందు ఎక్కించింది. పైపొర ఉబ్బి, కింది కండకి ఎడమై లేచింది. రూతమ్మా నేనూ ఊపిరి పీల్చుకున్నాం, ఎందుకంటే మొలక కిందికి వేరు దించి ఉంటే ఆ చోటు అంత సులువుగా లేవదు. చుక్కల బయటగా చుట్టూ కోసింది. ఆ తర్వాత అసలు పని. పొర కిందికి దూరి, అంటుకున్న పోగుల్ని ఒక్కొక్కటే కోసుకుంటూ పోవాలి. పైకి పోతే క్యాన్సరు మిగిలిపోతుంది. కిందికి పోతే పొట్టకి చిల్లు పడుతుంది. మధ్యలో ఉన్నది కాగితం మందమంత చోటు.

సగం దాటాక రక్తనాళం ఒకటి తెగింది. నా కన్నంతా ఎరుపు. ఏమీ కనబడలేదు. కనబడనప్పుడు మనిషికి చెయ్యాడించాలనిపిస్తుంది, హైదరాబాదులో నన్ను పట్టుకున్న చేతులన్నీ అలాంటివే.

"ఆగుదాం" అంది హైమవతి. చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఆపేసింది. "నీళ్ళు."

రూతమ్మ నీళ్ళు వదిలింది. ఎరుపు కొంచెం పలచబడి, మళ్ళీ కమ్ముకుంది. ఇంకోసారి నీళ్ళు. ఈసారి నాకు ఆ నాళం కొస కనిపించింది, సన్నగా చిమ్ముతూ. హైమవతికి కూడా కనిపించింది. పటకారులాంటి పనిముట్టుతో దాన్ని పట్టి, కాల్చి మూసింది. కన్ను తేటపడింది. నేను జపానులో పుట్టింది ఆ ఒక్క నిమిషం కోసమేనని ఇప్పటికీ అనుకుంటాను.

ముక్క ఊడి వచ్చింది. రూతమ్మ దాన్ని బెండు పలక మీద పరిచి, ముడత పడకుండా చుట్టూ గుండుసూదులు గుచ్చింది. ఆవిడ ఏదో ప్రార్థన గొణుక్కుంటోంది. మెలకువ వచ్చాక సత్యవేణి కళ్ళు తెరవకుండానే అడిగింది:

"జాడీ నిలబడ్డట్టేనా?"

"కాగితం రానివ్వండి" అంది హైమవతి.

ఆ కాగితం వచ్చేదాకా హైమవతి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వచ్చాక, నిలబడే చదివింది, తర్వాత కూర్చుని మళ్ళీ చదివింది, అప్పుడు వాళ్ళని పిలిచింది. "అడుగు శుభ్రంగా ఉందమ్మా. అంచులు కూడా. పైపొర దాటలేదు." భవాని భోరున ఏడ్చేసింది. సత్యవేణి కోడలి వీపు మీద ఒక్కటి వేసి, "ఏడుపెందుకే ఇప్పుడు! పద, జాడీలు ఎదురుచూత్తన్నాయి" అంది.

అయితే లోపల పుండు మానేదాకా ఊరగాయ నాలిక మీద పెట్టకూడదని హైమవతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ ముఖం మాడిపోయింది. క్యాన్సరు అన్నప్పుడు కూడా అంత మాడలేదు. ఆ ఏడు కలపాల్సిన రెండో వాయి ఆవకాయ మొత్తం మానేసిందట, ఇంకొకరిచేత ఉప్పు చూపించడం ఇష్టంలేక. ఆ సంగతి చెబుతూ భవాని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మధ్యలో ఒకసారి చూశాం, పుండు మానింది. మళ్ళీ మామిడికాయలు వచ్చాయి. ఏడాది పరీక్షకి సత్యవేణి కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. రూతమ్మ కళ్ళల్లో చిలిపితనం.

"ఇయ్యాల మూడోరోజు కాదుకదాండీ?"

"మూడోరోజే."

"మరి ఉప్పో?"

సత్యవేణి గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "భవాని చూసింది" అంది.

నేను దిగాను. వెతికాను. ఒక్క చుక్క నూనె లేదు, ఆవపిండి రేణువు లేదు. మచ్చ ఉన్నచోట తెల్లటి గీతలు మధ్యకి లాక్కుని మానిన గుర్తు ఉంది, అంతే. హైమవతి నీలిరంగు చిమ్మి చూసింది, నింపాదిగా పొట్టంతా తిప్పి చూసింది. "శుభ్రం" అంది. ఆ మాట చాలా పొట్టల దగ్గర విన్నాను. ఇంత ఇష్టంగా ఎప్పుడూ వినలేదు.

నన్ను పక్క గదిలోకి, నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళారు. రూతమ్మ గాలి ఎక్కించి నీళ్ళలో ముంచింది. నా మెడ దగ్గర, రోజూ వంగి వంగి అరిగినచోట, ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. రూతమ్మ స్తోత్రం అనలేదు. తుడిచి మళ్ళీ ముంచింది. మళ్ళీ లేచింది. హైమవతిని పిలిచింది.

"చాలా చూసిందిలే. ఇక పందుల దగ్గర పెడదాం" అంది హైమవతి. నా మెడ మీద బొటనవేలితో ఒకసారి నిమిరి వెళ్ళింది.

తలుపు తీసే ఉంది. అవతల మంచం మీద సత్యవేణి కూర్చుని ఉంది, గొంతు మొద్దు వదిలింది. డాక్టరు చిటికెడు వరకూ పరవాలేదంది. భవాని స్టీలు డబ్బా మూత తీసి, వేడన్నంలో పొద్దున ఉప్పు చూసిన కొత్తావకాయ పిసరంత కలిపి అత్తగారి చేతిలో ముద్ద పెట్టింది. పెట్టి, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా నిలబడింది. సత్యవేణి నమిలింది. కళ్ళు మూసుకుంది. మింగింది.

"ఎలా ఉందత్తయ్యా?"

"సరిపోయిందే."

భవాని ముఖం విప్పారింది. ఆటో పిలుచుకొస్తానని ఇంచుమించు పరిగెత్తింది. ఆ అడుగుల చప్పుడు మెట్లు దిగేదాకా సత్యవేణి ఆగి, రూతమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"ఉప్పు ఓ పలుకు తగ్గిందమ్మా."

"అయ్యో, మరి చెప్పలేదేంటండి? ఇయ్యాలే కలపాలి కదా!"

"ఇంటికెళ్ళాకా నేనో పలుకు ఏసేత్తాను, దానికి తెలీకుండా. చెయ్యి మంచిదేనమ్మా దానిది. తడి లేదు. వచ్చే ఏటికి అదే కుదురుద్ది."

వచ్చే ఏడు. ఆ ముక్క ఆవిడ అంత తేలిగ్గా, అటక మీది జాడీ గురించి చెప్పినట్టు చెప్పింది. కిందటేడు అదే గదిలో ఆవిడకి వచ్చే ఏడు ఉందో లేదో ఎవరికీ తెలియదు. నాకు రోజులు చెల్లిన పూటే ఆ మాట విన్నాను. తడి తువ్వాల మీద పడుకుని ఎంత సంతోషించానో చెప్పలేను.

ఇప్పుడు నా కాపురం సాధన గదిలో. ఆదివారాలు కుర్ర డాక్టర్లు వచ్చి నన్ను పందిపొట్టల్లో దింపి, హైమవతి నేర్పిన విద్య నేర్చుకుంటారు. పంది పరగడుపున ఉన్నానని ఒట్టు వేయదు, అదొక్కటే తేడా. గాజు బీరువాలో నా కొక్కేనికి కొత్త గొట్టం వచ్చింది, మెరుస్తూ, నా చిన్నప్పటంత మిడిసిపాటుతో. దాన్ని కడగడానికి తీసుకెళ్తూ మొన్న రూతమ్మ నా పక్కన కాసేపు ఉంచింది. వచ్చే వేసవిలో సత్యవేణి పొట్టలోకి దిగేది అదే. పెద్దదాన్ని కదా, ఒక్క మాట చెప్పాను: ఈ ఊళ్ళో ఎర్రగా కనిపించినదల్లా కారమేలే అనుకోకు, ముందు కడిగి చూడు.